సర్వర్ లేచేటప్పుడు నాలుగు హెచ్చరికలు, రోజుకో కొత్త పాస్‌వర్డ్: ఏటి చెయ్యాలి?

పర్లాకిమిడి_జెరాక్స్
మంగళవారం రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నాది పర్లాకిమిడిలో జెరాక్సు కొట్టు. దానికి తోడు మా వీధి చివరున్న పైపులు, పంపుసెట్ల హోల్‌సేల్ కొట్టులో కంప్యూటరు పని కూడా నేనే చూస్తాను. జావా నాకు రాదు. లైను చూసి కొంత పోల్చుకోగలను, ఎవరైనా చెబితే చెప్పింది చెప్పినట్టు కొట్టగలను, అంతే. ముందే చెప్పేస్తే మీకూ హాయి, నాకూ హాయి.

ఆ కొట్టుకి బిల్లింగ్ అప్లికేషన్ మా మేనల్లుడు రాసేడు. స్ప్రింగ్ బూట్ 3 (జావా అప్లికేషన్లు కట్టే సరంజామా అట), జావా 17, డేటాబేసు మైఎస్‌క్యూఎల్. గోడౌన్‌లో మూలనున్న పాత డెస్క్‌టాప్‌కి ఉబుంటు ఎక్కించి దాన్నే సర్వర్ అంటున్నాం. కౌంటర్లో రెండు కంప్యూటర్లు, షావుకారు గారి ఫోను, మూడూ బ్రౌజర్లో దాన్నే తెరుస్తాయి.

ఇదివరకు రోజూ పొద్దున్న నేనే వెళ్లి, టెర్మినల్ తెరిచి, బిల్లింగ్ అనే ఫోల్డర్లోకి దిగి, జార్ ఫైలు (అప్లికేషనంతా కట్టిన మూట) నడిపేవాణ్ణి. మధ్యలో కరెంటు పోయిందా, జెరాక్సు మిషను మీద కాగితాలు అలాగే వదిలేసి పరిగెత్తాలి. మా దగ్గర వానాకాలం కరెంటు సంగతి మీకు తెలియంది కాదు. అందుకని ఈ నెల 3న మేనల్లుడు ఊరొచ్చినప్పుడు దాన్ని సిస్టమ్‌డీ సర్వీసు చేసి వెళ్లేడు, అంటే ఉబుంటు లేవగానే దాన్ని కూడా లేపేలా. ఇప్పుడు కరెంటు పోయి వచ్చినా దానంతట అదే లేస్తోంది. అంతవరకు వాడికి దండం పెట్టాలి.

చిక్కేటంటే, లేచిన ప్రతిసారీ లాగ్‌లో, అంటే అది రాసుకునే చిట్టాలో, హెచ్చరికలు. తెర మీద చూసి తెలుగులో కొడుతున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మొదటిది: ‘స్ప్రింగ్ జేపీఏ ఓపెన్-ఇన్-వ్యూ ఈజ్ ఎనేబుల్డ్ బై డిఫాల్ట్’ అని మొదలై రెండు లైన్లుంటుంది. రెండోది హెచ్‌హెచ్‌హెచ్ అని ఏదో పెద్ద నంబరు, చివర 25, మైఎస్‌క్యూఎల్ డయలెక్ట్ చెప్పక్కర్లేదు అంటుంది. మూడోది పాత డ్రైవర్ క్లాసు వాడుతున్నావు, కొత్త పేరు వాడు అంటుంది. నాలుగోది ‘యూజింగ్ జెనరేటెడ్ సెక్యూరిటీ పాస్‌వర్డ్’ అని ఒక పొడుగాటి పాస్‌వర్డ్ ఇస్తుంది.

ఈ నాలుగోదానితోనే నా ప్రాణం పోతోంది. సర్వర్ లేచినప్పుడల్లా పాస్‌వర్డ్ మారిపోతోంది. ముప్పై ఆరు అక్షరాలు, మధ్యలో గీతలు. రోజూ పొద్దున్న గోడౌన్‌కి వెళ్లి, లాగ్ చూసి, చీటీ మీద రాసి, కౌంటర్లో కూర్చునే గుంటకి ఇస్తున్నాను. కరెంటు రెండుసార్లు పోయిన రోజు రెండు చీటీలు. సున్నాకి, ఓకి తేడా తెలీక నిన్న అరగంట కూకున్నాం.

మేనల్లుణ్ణి అడిగితే ‘రిలీజ్ ఉంది మావయ్యా, ఆదివారం చూస్తాను’ అంటాడు. ఆదివారాలు రెండు వెళ్లిపోయాయి. ఈ నాలుగు హెచ్చరికలూ పోవాలంటే ఏం చెయ్యాలి? బిల్లులు మాత్రం బాగానే వస్తున్నాయి, పాత బిల్లులన్నీ కనబడుతున్నాయి, మొత్తం పైసతో సహా సరిపోతోంది. కాబట్టి పెద్ద జబ్బు కాదనుకుంటాను.


షార్ట్‌కట్_బాబు
మంగళవారం రాత్రి 11:05

సింపుల్. ప్రాపర్టీస్ ఫైల్లో రూట్ లాగింగ్ లెవల్ ఎర్రర్ అని పెట్టండి. వార్నింగ్ అన్నది ఒక్కటి కనబడితే ఒట్టు.


బరంపురం_జావా
బుధవారం ఉదయం 7:15

బాబాయ్ గారూ, పైన చెప్పింది దయచేసి చెయ్యకండి. ఒంట్లో జ్వరముంటే థర్మామీటరు విరగ్గొట్టినట్టు ఉంటుంది. పైగా, అది పెడితే ఆ పాస్‌వర్డ్ లైను కూడా కనబడదు. అప్పుడు మీ గుంటకి ఏ చీటీ ఇస్తారు?

నేను బరంపురంలో ఇంటి నుంచే పని చేస్తాను, పదకొండేళ్లుగా జావాయే తిండి. ఒక్కోటీ చెబుతాను, కానీ నాలుగూ ఒకే రకం కాదు.

డ్రైవర్ సంగతి: మైఎస్‌క్యూఎల్ వాళ్లు డ్రైవర్ క్లాసు పేరు మార్చేరు, మధ్యలో సీజే అని చేరింది. పాత పేరు రాసినా అదే కొత్తదాన్ని పిలుస్తుంది, పిలుస్తూ గొణుగుతుంది. అసలు ఆ లైను తీసేసినా, కనెక్షన్ అడ్రసు చూసి స్ప్రింగ్ బూట్ తనే పోల్చుకుంటుంది. డయలెక్ట్, అంటే డేటాబేసు ఏ రకమో చెప్పే లైను, దానిదీ అదే కథ. డేటాబేసుతో మాట్లాడే హైబర్నేట్ 6 దాన్నే అడిగి తెలుసుకుంటుంది, మనం రాయక్కర్లేదు. లైను తీసేస్తే నోరు మూసుకుంటుంది. ఈ రెండింటి వల్ల మీకు ఇవాళ పోయేదేమీ లేదు.

ఓపెన్-ఇన్-వ్యూ కాస్త ఆలోచించాల్సిందే. వడ్డన పూర్తయ్యేదాకా వంటింటి తలుపు తీసి ఉంచడం లాంటిది. పేజీ తయారవుతున్నప్పుడు కూడా డేటాబేసుకి వెళ్లి ఇంకొంచెం తెచ్చుకోవచ్చు. మీ మేనల్లుడు ఎక్కడైనా ఆ తలుపు మీద ఆధారపడి రాసుంటే, మీరు ఫాల్స్ అని పెట్టగానే కొన్ని పేజీలు లేజీ ఇనిషియలైజేషన్ ఎక్సెప్షన్ అని పడిపోతాయి. హెచ్చరిక అడుగుతున్నది మీ నిర్ణయం చెప్పమని మాత్రమే. ట్రూ అని మీరే రాసినా ఆగిపోతుంది. రెండు కౌంటర్ల కొట్టుకి ట్రూ చాలు. ఫాల్స్ సంగతి ఆ అబ్బాయికి వదిలెయ్యండి.

ఇక నాలుగోది. పొద్దున్నే కాఫీ తాగుతూ చదివి, గ్లాసు కింద పెట్టేశాను. యూజరూ పాస్‌వర్డూ మనం ఎక్కడా ఇవ్వకపోతేనే స్ప్రింగ్ సెక్యూరిటీ ఆ లైను రాస్తుంది. నా ప్రశ్న: 3వ తారీకుకి ముందు మీరు ఏ పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లేవారు? అప్పుడు చీటీలు లేవు కదా?

ఇంకో రెండు కావాలి. లాగ్‌లో స్ప్రింగ్ బొమ్మ వచ్చిన వెంటనే ఉండే రెండు మూడు లైన్లు, అవి హెచ్చరికలు కాకపోయినా సరే. ఈ వారంలో వేసిన బిల్లొకటి, పేర్లు నంబర్లు తీసేసి, పన్ను దగ్గర ఏం రాసుందో.


పర్లాకిమిడి_జెరాక్స్
బుధవారం మధ్యాహ్నం 2:20

అమ్మా, నిజమే! ముందు ఒకే పాస్‌వర్డ్ ఉండేది. షావుకారు గారి పెద్దబ్బాయి పేరు, పక్కన ఏదో సంవత్సరం. ఇప్పుడది కొడితే తప్పు అంటోంది. సర్వీసు చేస్తే భద్రత కోసం ఇలా రోజూ మారుతుందేమో, బ్యాంకు ఓటీపీలా, అనుకున్నాను. నవ్వకండి.

లాగ్ చూశాను. పన్నెండు రోజులుగా డబ్ల్యూఏఆర్ఎన్ అన్న లైన్లే వెతుక్కున్నాను, ఇన్ఫో అన్నవాటి జోలికే పోలేదు. బొమ్మ కింద మొదటి లైను: ‘స్టార్టింగ్ బిల్లింగ్ అప్లికేషన్ యూజింగ్ జావా 17’ అని, పిడ్ నంబరు, బ్రాకెట్లో జార్ ఫైలు దారంతా, ‘స్టార్టెడ్ బై రూట్ ఇన్’ అని ఉండి ఒక స్లాష్, బ్రాకెట్ ముగింపు. రెండో లైను: ‘నో యాక్టివ్ ప్రొఫైల్ సెట్, ఫాలింగ్ బ్యాక్ టు 1 డిఫాల్ట్ ప్రొఫైల్’.

బిల్లు: కాశీనగర్ నుంచి వచ్చిన పార్టీది. హెచ్‌డీపీఈ పైపులు. పన్ను దగ్గర ఐజీఎస్‌టీ అని ఒకే లైనుంది. టైపు చేస్తుంటే చెయ్యి ఆగిపోయింది. కాశీనగర్ మా జిల్లాయే కదా! ఒడిశాలో ఒడిశాకి అమ్మితే సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ రెండు లైన్లు రావాలి, ఐజీఎస్‌టీ వేరే రాష్ట్రానికి అమ్మినప్పుడే. వెంటనే పాతపట్నం పార్టీ బిల్లు తీశాను. అక్కడ రెండు లైన్లున్నాయి. తిరగబడిపోయాయి!

మా ఊరి సంగతి తెలియని వాళ్లకి: మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అది ఆంధ్రా. నడిచి వెళ్లొచ్చు. కొట్టులో సగం బేరం అటు, సగం బేరం ఇటు. ఈ తేడా ఒక్కటీ సరిగ్గా చెయ్యాలనే ఆ అప్లికేషన్ రాయించుకున్నాం.

ఓలమ్మో, పన్నెండు రోజులు! బిల్లు కాగితం ముందే అచ్చేయించింది, పైన పేరు, జీఎస్‌టీ నంబరు అన్నీ ప్రెస్సులోనే పడిపోతాయి. లోపలి లైన్లు ఎవరు చూస్తారు? మొత్తం ఎలాగూ ఒకటే అవుతుంది, ఒక్కటిగా రాసినా రెండు సగాలుగా రాసినా. ఒక్క గిరాకీ కూడా అడగలేదు.


బరంపురం_జావా
బుధవారం మధ్యాహ్నం 3:10

అనుకున్నాను. బాబాయ్ గారూ, కంగారు పడకండి, ఒక వరసలో చెబుతాను.

మీ అబ్బాయి సెట్టింగులు రెండు చోట్ల పెట్టుంటాడు. ఒకటి జార్ ఫైలు లోపల ఉండే అప్లికేషన్ ప్రాపర్టీస్. అది రాసేటప్పుడు తన పరీక్ష కోసం పెట్టుకున్నది. రెండోది బయట, మీ కొట్టు కోసం. కొట్టు పాస్‌వర్డ్, కొట్టు రాష్ట్రం కోడు బయటి ఫైల్లో ఉంటాయి. బయటి ఫైలు దొరికితే దాని మాట చెల్లుతుంది. దొరక్కపోతే స్ప్రింగ్ బూట్ అడగదు, అరవదు, లోపలున్న దాంతో పని కానిచ్చేస్తుంది. డేటాబేస్ అడ్రసు రెండింట్లోనూ ఒకటే అయ్యుంటుంది, అందుకే పాత బిల్లులన్నీ కనబడుతున్నాయి. అదే మిమ్మల్ని ముంచింది. ఆ ఒక్క అడ్రసు తేడాగా ఉండుంటే 3వ తారీకునే బండి ఆగిపోయేది, మీరు అప్పుడే అబ్బాయి చెవి పట్టుకునేవారు.

జీఎస్‌టీ నంబరులో మొదటి రెండంకెలు రాష్ట్రం. ఒడిశా 21, ఆంధ్రా 37. లోపలి ఫైల్లో అమ్మేవాళ్ల కోడు 37 అని ఉండుంటుంది. అంటే పన్నెండు రోజులుగా మీ కొట్టు ఆంధ్రాలో ఉందని ఆ సర్వర్ నమ్మకం. పాతపట్నం దానికి సొంత రాష్ట్రం, కాశీనగర్ పరాయి రాష్ట్రం.

‘నో యాక్టివ్ ప్రొఫైల్’ అన్న లైను చెబుతున్నది ఇదే. ప్రొఫైల్ అంటే ఏ సెట్టింగుల ఫైలు వాడాలో చెప్పే పేరు. అది ఇన్ఫో అని వస్తుంది, ఎందుకంటే ప్రొఫైల్ లేకుండా నడపడం తప్పు కాదు. మీ విషయంలో తప్పు, కానీ ఆ సంగతి దానికెలా తెలుస్తుంది?

హోమ్ ఫోల్డర్లో డాట్ బాష్‌ఆర్‌సీ అన్న దాచిన ఫైలుంటుంది. తెరిచి చివర్లో స్ప్రింగ్ ప్రొఫైల్స్ యాక్టివ్ అని ఎక్స్‌పోర్ట్ లైనుందేమో చూడండి. ఉంటే, మీరు టెర్మినల్ తెరిచినప్పుడల్లా అది చదవబడేది, ప్రొఫైల్ వచ్చేది. సిస్టమ్‌డీ ఆ ఫైలు ముట్టుకోదు. దానికి విడిగా చెప్పాలి. సర్వీసు ఫైల్లో, సర్వీస్ అన్న భాగం కింద, ఎన్విరాన్‌మెంట్ అని రాసి, ఈక్వల్ పెట్టి, బాష్‌ఆర్‌సీలో ఎక్స్‌పోర్ట్ తర్వాత ఏముందో అదంతా రాయండి. తర్వాత సిస్టమ్‌సీటీఎల్ డెమన్-రీలోడ్, ఆ తర్వాత రీస్టార్ట్. డెమన్-రీలోడ్ మర్చిపోతే పాత సర్వీసు ఫైలే నడుస్తుంది, మీరు నన్ను తిట్టుకుంటారు.

అంతవరకు బిల్లులు చేత్తో రాయించండి.


పర్లాకిమిడి_జెరాక్స్
బుధవారం రాత్రి 9:30

బాష్‌ఆర్‌సీలో ఉంది తల్లీ, ఆఖరి లైను. ప్రొఫైల్ పేరు ‘కొట్టు’. వాడి హాస్యం అలాగే ఉంటుంది.

మీరు చెప్పినట్టే చేశాను. లాగ్‌లో రెండో లైను మారింది: ‘ది ఫాలోయింగ్ 1 ప్రొఫైల్ ఈజ్ యాక్టివ్: కొట్టు’. ఎగిరి గంతేశాను. కిందకి చూస్తే పాస్‌వర్డ్ లైను ఇంకా ఉంది. ఉత్తుత్తి బిల్లొకటి వేసి చూశాను, కాశీనగర్‌కి ఐజీఎస్‌టీయే.

బయటి ఫైలు ఉంది, చూశాను. బిల్లింగ్ ఫోల్డర్లో జార్ ఫైలు, దాని పక్కన కాన్ఫిగ్ అనే ఫోల్డరు, అందులో అప్లికేషన్-కొట్టు ప్రాపర్టీస్. తెరిస్తే 21 అని శుభ్రంగా ఉంది, పాత పాస్‌వర్డూ ఉంది. పక్కపక్కనే ఉన్న ఫైళ్లు ఒకదానికొకటి కనబడకపోవడమేంటి?


సిరొంచ_సర్వర్
బుధవారం రాత్రి 10:15

అన్నా, మాది సిరొంచ. మీకు మహేంద్రతనయ ఎట్లనో మాకు గోదారి అట్ల. వంతెన దాటితే కాళేశ్వరం. మా దిక్కు మహారాష్ట్ర 27, అవతల తెలంగాణ 36, మధ్యలో మేము. మీ బాధ చదువుతుంటే నా బాధ చదివినట్టే ఉన్నది.

బరంపురం అక్క చెప్పింది పక్కా కరెక్టు. గానీ మీ మొదటి లైన్ల ఇంకొకటి దాగున్నది. ‘స్టార్టెడ్ బై రూట్ ఇన్’ అని ఉండి ఒక స్లాష్ ఉన్నదని రాసిన్రు జూడుండ్రి. ఆ స్లాష్ ఉత్తగ లేదు. అదే ఫోల్డర్ పేరు. అంటే మీ సర్వర్ బిల్లింగ్ ఫోల్డర్ల నిలబడి లేవలేదు, మిషన్ మొత్తానికి మొదలైన రూట్ ఫోల్డర్ల నిలబడి లేచింది.

చానామందికి ఉండే భ్రమ ఏందంటే, కాన్ఫిగ్ ఫోల్డరు జార్ పక్కన ఉంటే చాలు, దొరుకుతది అని. కాదు. స్ప్రింగ్ బూట్ జార్ ఏడున్నదో చూడదు. అప్పుడు తను నిలబడ్డ ఫోల్డర్ల చూస్తది, ఆ ఫోల్డర్ల కాన్ఫిగ్ అని ఉంటే దాంట్ల చూస్తది. మీరు రోజూ పొద్దున్న ముందుగాల ఫోల్డర్లకు దిగి నడిపేటోళ్లు కదా, అందుకే దొరికేది. మీరు దిగుడు అలవాటుగ చేసిన్రు, అది ఒక సెట్టింగ్ అని మీకు తెల్వదు, మీ అల్లునికీ యాది లేదు. సిస్టమ్‌డీకి చెప్పకపోతే అది రూట్ ఫోల్డర్లనే నిలబడ్తది.

సర్వీసు ఫైల్ల వర్కింగ్ డైరెక్టరీ అని ఒక లైన్ రాయుండ్రి, ఈక్వల్ పెట్టి బిల్లింగ్ ఫోల్డర్ దారి మొత్తం. డెమన్-రీలోడ్, రీస్టార్ట్. తర్వాత గదే మొదటి లైన్ జూడుండ్రి. స్లాష్ జాగల మీ ఫోల్డర్ పేరు రావాలె.

ఇంకొక మాట, అన్ని హక్కులుండే రూట్ యూజర్ మీద వెబ్ అప్లికేషన్ నడుపుడు మంచిది కాదు. యూజర్ అని ఇంకో లైన్ రాసి మామూలు యూజర్ పేరు పెట్టుండ్రి. గది రేపు చేసినా నడుస్తది, రాష్ట్రం కోడు మాత్రం ఇయ్యాల్నే చెయ్యుండ్రి.


పర్లాకిమిడి_జెరాక్స్
గురువారం ఉదయం 8:05

వచ్చేసింది! రాత్రి పదకొండుకి గోడౌన్ తాళం తీయించి మరీ చేశాను, వాచ్‌మన్ దొంగ అనుకున్నాడు.

మొదటి లైన్లో స్లాష్ పోయి ఫోల్డరు దారంతా వచ్చింది. పాస్‌వర్డ్ లైను మాయం. పాత పాస్‌వర్డ్ తీసుకుంది. కాశీనగర్‌కి సీజీఎస్‌టీ, ఎస్‌జీఎస్‌టీ, పాతపట్నానికి ఐజీఎస్‌టీ. ఆ స్లాష్‌ని నేను తెర మీద గీత అనుకున్నాను సిరొంచ బాబూ. మీరు దాన్ని పట్టుకున్నారు.

యూజర్ లైను కూడా రాసేశాను. రాసేక లేవలేదు, గుండె జారింది. లాగ్ ఫైలు రూట్ పేరు మీద ఉండిపోయింది, దాని మీద రాసే హక్కు మామూలు యూజర్‌కి లేదు. చోన్ అనే కమాండు కొట్టి ఫైలు యజమానిని మార్చేక లేచింది. ఇది మాత్రం ఎవర్నీ అడక్కుండా నేనే కనుక్కున్నాను, రాసుకోండి.

మేనల్లుడికి ఫోన్ చేశాను. లోపలి ఫైల్లో 37 నిజమేనట. మొదట టెక్కలిలో స్నేహితుడి కొట్టు కోసం రాసి, దాన్నే మనకి సర్దేడట. ఇప్పుడు వేసిన తప్పు బిల్లులు 47. వీటినేం చెయ్యాలి? షావుకారు గారికి ఇంకా చెప్పలేదు.


రాయగడ_పద్దులు
గురువారం ఉదయం 9:40

నాకు కంప్యూటర్ సంగతి తెలీదు, రాయగడలో ఆడిటర్ గారి దగ్గర పద్దులు రాస్తాను. 47 బిల్లులూ ఈ నెలవే కాబట్టి మీరు బతికిపోయారు. అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1కి వచ్చే నెల 11 వరకు గడువుంది. బిల్లులు కంప్యూటర్లోంచి చెరిపెయ్యకండి, నంబర్ల వరస తెగితే అదో తలనొప్పి. ఒక్కోదానికి క్రెడిట్ నోటు ఇచ్చి, సరైన పన్నుతో కొత్త బిల్లు వెయ్యండి. జీఎస్‌టీ ఉన్న పార్టీలందరికీ ఫోన్ చెయ్యండి, ఎందుకంటే పాత బిల్లు మీద వాళ్లు క్రెడిట్ తీసుకుంటే వాళ్ల పద్దూ చెడుతుంది.

ఒకవేళ కట్టేశాక బయటపడినా మునిగిపోయేదేం లేదు. సీజీఎస్‌టీ చట్టంలో 77వ సెక్షన్, ఐజీఎస్‌టీ చట్టంలో 19వ సెక్షన్ సరిగ్గా ఇందుకే ఉన్నాయి. సరైన పన్ను మళ్లీ కట్టాలి, తప్పుగా కట్టింది వాపసు అడగాలి, వడ్డీ పడదు. కానీ వాపసు వచ్చేదాకా డబ్బు ఇరుక్కుంటుంది. షావుకారు గారికి ఇవాళే చెప్పండి. మీ ఆడిటర్ నోట వినడం కంటే మీ నోట వినడం నయం.


బరంపురం_జావా
గురువారం ఉదయం 11:00

సిరొంచ తమ్ముడికి నా వంతు కృతజ్ఞతలు. ఆ లైను నేనూ చదివాను, రెండో లైను మీద కన్నుండి మొదటిది వదిలేశాను.

బాబాయ్ గారూ, ఇది ఇక్కడితో ఆపకండి. రేపు ఎవరో ఫోల్డరు పేరు మారుస్తారు, లేదా కొత్త డిస్కు వేస్తారు, మళ్లీ నిశ్శబ్దంగా 37 వచ్చి కూర్చుంటుంది. రెండు పనులు చేయించండి.

ఒకటి మీరే చెయ్యొచ్చు. బయటి ఫైలు పేరు కొట్టు డాట్ ప్రాపర్టీస్ అని మార్చి, సర్వీసు ఫైల్లో జార్ నడిపే లైను చివర రెండు హైఫన్లు పెట్టి ‘స్ప్రింగ్ డాట్ కాన్ఫిగ్ డాట్ అడిషనల్-లొకేషన్’ అని, ఈక్వల్ పెట్టి, ‘ఫైల్’ అని కోలన్, ఆ ఫైలు పూర్తి దారి. ఇలా పేరు పెట్టి అడిగితే, ఫైలు లేనప్పుడు స్ప్రింగ్ బూట్ ఊరుకోదు, లేవనే లేవదు. ముందు ‘ఆప్షనల్’ అని చేర్చకూడదు, చేరిస్తే మళ్లీ మౌనవ్రతమే. చేశాక ఒకసారి కావాలనే ఫైలు పేరు తప్పుగా మార్చి రీస్టార్ట్ చెయ్యండి. పడిపోవాలి. పడిపోతేనే పెట్టిన తాళం పడ్డట్టు.

రెండోది అబ్బాయి పని. జార్ లోపలి ఫైల్లోంచి రాష్ట్రం కోడు పూర్తిగా తీసెయ్యాలి. కోడ్‌లో కూడా ‘లేకపోతే 37’ అని డిఫాల్ట్ ఇవ్వకూడదు. పేజీకి ఎన్ని వరసలు చూపాలి లాంటివాటికి డిఫాల్ట్ ఉంటే ముచ్చట. పన్ను కోడుకి డిఫాల్ట్ ఏంటి అసలు? ఈ ముక్క చదివి అబ్బాయి నా మీద కోపగించుకుంటే ఫరవాలేదు.


పర్లాకిమిడి_జెరాక్స్
శుక్రవారం సాయంత్రం 6:50

అడిషనల్-లొకేషన్ పెట్టాను. మీరన్నట్టు కావాలని ఫైలు పేరు చెడగొట్టి రీస్టార్ట్ చేశాను. లేవలేదు! ఆ దారిలో ఫైలు లేదు అని స్పష్టంగా రాసి ఆగిపోయింది. ఆగిపోయినందుకు ఇంత సంతోషించింది ఇదే మొదటిసారి. పేరు సరిచేసేక లేచింది.

షావుకారు గారికి చెప్పాను. ముందు నన్ను చూశారు, తర్వాత 47 బిల్లుల కట్ట చూశారు, తర్వాత టీ తెప్పించారు. ఆడిటర్ గారూ రాయగడ వారి మాటే చెప్పారు. క్రెడిట్ నోట్లు సగం అయ్యాయి. పాతపట్నం పార్టీలు ఇద్దరు తిట్టారు, కాశీనగర్ ఆయన నవ్వేడు.

ఒక చిన్న తోక మిగిలింది. ఎలాగూ ఫైలు తెరిచానని, బిల్లు కింద వచ్చే ‘మళ్లీ రండి’ లైను తెలుగులోనూ ఒడియాలోనూ టైపు చేసి అందులో పెట్టాను. ఇదివరకు ఇంగ్లీషులో ఉండేది. బిల్లు మీద అదంతా టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాల్లా వచ్చింది. ఎడిటర్లో చూస్తే బాగానే ఉంది. హెచ్చరిక కూడా ఏమీ రాలేదు.


సిరొంచ_సర్వర్
శుక్రవారం రాత్రి 8:30

అన్నా, ప్రాపర్టీస్ అన్న ఫైల్‌ని స్ప్రింగ్ బూట్ పాత లాటిన్-1 లెక్కల చదువుతది. మీ ఎడిటర్ యూటీఎఫ్-8ల దాచింది. తెలుగు అక్షరం ఒక్కోటి మూడు బైట్లు, అది మూడింటినీ మూడు వేరే అక్షరాలనుకున్నది. మా దగ్గర మరాఠీ, తెలుగు రెండు పెట్టంగ నాకూ గట్లనే అయ్యింది.

ఫైల్‌ని వైఎంఎల్ రకంల రాసుకోండ్రి, దాన్ని యూటీఎఫ్-8గనే చదువుతది. గానీ అండ్ల ఖాళీలు లెక్క ప్రకారం ఉండాలె, ట్యాబ్ కొట్టొద్దు. సర్వీసు ఫైల్ల అడిషనల్-లొకేషన్ దగ్గర కొత్త పేరు మార్చుడు మర్వకుండ్రి, మరిస్తే మళ్ల లేవది. అట్ల వద్దనుకుంటే ప్రాపర్టీస్‌లనే ఒక్కో అక్షరానికి వెనకకు వాలిన గీత, యూ, నాలుగంకెల కోడు రాయాలె. రెండు లైన్లకైతే నడుస్తది.

21ని కొటేషన్ల పెట్టుండ్రి. మీ కోడు 21 కాబట్టి ఎట్ల రాసినా నడుస్తది, గానీ సున్నతోని మొదలయ్యే రాష్ట్రాల కోడు వైఎంఎల్‌ల విడిగ రాస్తే అంకె అనుకొని కథ మారుస్తది. అలవాటు మంచిది.


పర్లాకిమిడి_జెరాక్స్
శనివారం ఉదయం 10:10

వైఎంఎల్ చేశాను. ఒక ట్యాబ్ పడింది, లేవలేదు, ఏ లైన్లో ఉందో అదే చెప్పింది, తీసేశాను. ఇప్పుడు బిల్లు కింద తెలుగు, ఒడియా రెండూ ముత్యాల్లా వస్తున్నాయి. డయలెక్ట్, డ్రైవర్ హెచ్చరికలు అలాగే ఉన్నాయి. అవి జార్ లోపలివట, మేనల్లుడు ఆదివారం తీస్తానన్నాడు. ఏ ఆదివారమో అడగలేదు.

పొద్దున్న చీటీ లేకుండా కౌంటర్ దగ్గరికి వెళ్తే, ఆ గుంట చెయ్యి చాపి ‘ఆజి పాస్‌వర్డ్ కాహిఁ?’ అంది. ఇవాళ్టిది లేదమ్మా, పాతదే కొట్టు అన్నాను. నమ్మలేదు. నేనే కొట్టి చూపించాను.